మొదటాకు మా ఇంటిది

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనకవైపు వీధుల్లో ఒక పాత హోటలు ఉంది. వాకిట పైన పేరు రాసిన బోర్డు ఉంది కానీ దాన్ని చదివి లోపలికి వచ్చేది యాత్రికులే. వండే ఆమెను అందరూ పెద్దమ్మ అంటారు, అందుకే ఊళ్ళోవాళ్ళం పెద్దమ్మ హోటలనే అంటాం. అన్నం, పప్పు, ఒక పొరియలు, ఒక పులుసు, చారు, మజ్జిగ, ఆకు అంచున నంజుకోవడానికి రోట్లో నూరిన చెనక్కాయల ఊరుబిండి. అడిగితే సంగటి ముద్ద. పెద్దమ్మ అత్తగారు పొయ్యి వెలిగించిన నాడు ఏం పెట్టారో ఈరోజుకీ అవే పెడతారు. చుట్టూ ఎన్నో హోటళ్ళు వచ్చాయి, అద్దాలు బిగించుకున్నాయి, పేర్లు మార్చుకున్నాయి, మూసుకున్నాయి. ఇది మాత్రం అవే నల్ల బండలు, అవే పొడుగు బల్లలు, అదే రుచి.

ఆ హోటల్లో రోజూ పదకొండు గంటలకు వేసే మొదటి ఆకు మా ఇంటిది. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు.

అదెట్లా వచ్చిందో చెప్తాను. పెద్దమ్మ అత్తగారు మొదట్లో తిరుచానూరులో, అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్ళకు వండిపెట్టేదట. వాళ్ళు దేవుడికి చూపించి తినేవాళ్ళు. కాబట్టి వండేటప్పుడు రుచి చూడకూడదు. తర్వాత ఇక్కడ హోటలు పెట్టుకున్నా ఆమె ఆ నియమం వదల్లేదు. కోడలు పెద్దమ్మకూ అదే నేర్పింది. ఆ వంటింట్లో గరిటె ఎవరి నాలుకకూ తగలదు. ఉప్పూ కారమూ అంతా చేతి కొలతే. అందుకని వడ్డన మొదలుపెట్టే ముందు, వంటింటితో సంబంధం లేని మనిషిని ఒకరిని కూర్చోబెట్టి అన్నీ వడ్డిస్తారు. ఆ మనిషి తిని "సరిపోయింది" అన్న తర్వాతే వాకిట్లో అడ్డంగా కట్టిన తాడు విప్పుతారు. దాన్నే మొదటాకు అంటారు.

మా నాయనది ఎదురుగా గాజుల అంగడి. పొద్దున్నుంచి ఆడవాళ్ళ చేతులు పట్టుకుని గాజులు తొడిగే మనిషికి నిదానం ఎక్కువ, అబద్ధం తక్కువ. ఇది నచ్చే పెద్దమ్మ మామగారు ఆయనను మొదటాకు దగ్గర కూర్చోమన్నారట. అప్పటికి నేను పుట్టలేదు. నాకు తెలిసినప్పటినుంచీ పదకొండుకు మా నాయన కాళ్ళు కడుక్కుని ఆ వాకిలి దాటేవాడు. బాగుంది అనేవాడు కాదు. అద్భుతం అసలే అనేవాడు కాదు. సరిపోయింది, లేదా ఫలానాది తక్కువ, ఫలానాది ఎక్కువ. ఒకసారి బ్రహ్మోత్సవాలప్పుడు వీధి నిండా జనం ఆకలితో నిలబడి ఉంటే, చారులో ఉప్పు తక్కువ అన్నాడు. పెద్దమ్మ మొగుడికి కోపం వచ్చింది.

"ఇంతమంది ఎదురుసూస్తా ఉంటే ఇప్పుడా చెప్పేది? ఆ మాత్రం తక్కువైతే ఏమైందప్పా?"

వంటింట్లోంచి పెద్దమ్మ అంది. "ఆయప్ప తక్కువంటే తక్కువే. గిన్నె ఇట్ల తే."

ఆ రోజు పొరియలు బీన్సు. నాకు తేదీలు గుర్తుండవు కానీ ఆ రోజు ఏం కూరో చెప్పమంటే చెప్తాను.

మొన్న ఆ పెద్ద జబ్బు కాలంలో హోటలు మూతపడింది. మా నాయనకు కూడా వచ్చి తగ్గింది. మళ్ళీ తెరిచిన రోజు ఆయన తెల్లపంచె కట్టుకుని వెళ్ళాడు, తోడుగా నేనూ వెళ్ళాను. ఆకులో అరటికాయ పొరియలు, ముల్లంగి పులుసు. ఆయన ఒక్కొక్కటే కలుపుకున్నాడు, తిన్నాడు, మళ్ళీ మొదటినుంచి ఒకసారి తిన్నాడు. వంటింటి గడప దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది.

"పెద్దమ్మా, నాకు ఉప్పు తెలీలేదు," అన్నాడు.

"తక్కువైందా?"

"కాదు. నా నాలుక్కి ఏమీ తెలీలేదు. ఇంగ నేను ఈడ కూసోకూడదు. నా కూతుర్ని కూసోబెట్టుకో."

అంతమంది చూస్తుండగా లేచి, ఆయన కూర్చున్న చోటు చూపించి, నన్ను కూర్చోమన్నాడు. తెలిసినట్టు తలూపి ఉంటే ఎవరికి తెలుస్తుంది? ఆ తలే ఊపలేదు. మా నాయన గురించి నేను గొప్పగా చెప్పుకునేవాటిలో అన్నిటికంటే పైన ఉండేది అదే.

నేను కూర్చున్న కొత్తలో రోజూ వచ్చే ఒక రిటైరైన బస్సు డ్రైవరు తాడు అవతలినుంచి గొణిగాడు. "ఆడమనిషి తిని చెప్పేదాకా మొగోళ్ళం వీధిలో నిలబడాల్నా?"

పెద్దమ్మకు చెవులు బాగా పనిచేస్తాయి. "వండేది ఆడది అయితే తింటావు. సెప్పేది ఆడదైతే నీకు అరగదా అప్పా?"

ఆయన ఆ తర్వాత రోజూ నా ఆకు వైపు చూసి, "ఏమ్మా, మాకు దారి ఇస్తావా?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు.

ఇట్లా జరుగుతుండగా పోయిన వానల్లో పెద్దమ్మ వెనక వసారాలో జారి పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. కట్టు విప్పారు, నూనె రాశారు, అన్నీ అయ్యాయి. నొప్పి పోయింది కానీ గుప్పిట మూసుకోవడం లేదు. ఆ వంటింట్లో ఉప్పు కొలత పెద్దమ్మ గుప్పిటే. పప్పుకు ఒక గుప్పిట, పులుసుకు ఒకటిన్నర. అది మూసుకోకపోతే, ఎడమచేత్తో అందాజుగా వేస్తూ ఎన్నాళ్ళు నెట్టుకురావాలి?

ఆమె కొడుకు, డబ్బుల బల్ల దగ్గర కూర్చునే మనిషి, నాకు తమ్ముడి వరస. వేలూరు నుంచి ఒక వంటమాస్టరును మాట్లాడాడు. ఆ మాస్టరు పొడులు తనే తెచ్చుకుంటాడట, రుచి చూస్తూ వండుతాడట, పన్నీరు కూడా చేస్తాడట. ఆ మాట విన్నప్పటినుంచి అతని భార్య, అంటే పెద్దమ్మ కోడలి ముఖం వాడిపోయింది. ఆ పిల్ల పద్దెనిమిదేళ్ళుగా ఆ వంటింట్లో కూరలు తరిగింది, చింతపండు పిసికింది, పప్పు ఎనిపింది. ఉప్పు డబ్బా మూత మాత్రం ఒక్కనాడూ తీయలేదు. తీయనివ్వలేదు అనడం సరైన మాట.

ఒకరోజు ధైర్యం చేసి అత్తను అడిగిందట. "అత్తా, మాస్టరు ఎందుకు? నేను వేస్తాను."

పెద్దమ్మ తన కుడిచేతిని ఒకసారి చూసుకుందట. తర్వాత, "రేపు నువ్వే ఎయ్. మొదటాకు సరిపోయిందంటే వంటిల్లు నీది. లేదంటే సాయంత్రం బస్సుకు ఆ మాస్టరు వస్తాడు. ఇంగ దాని గురించి మాట ఉండకూడదు," అందట.

ఈ సంగతి పొద్దున్నే మా అంగడి ముందు పూలు కొనడానికి వచ్చినప్పుడు ఆ పిల్లే నాకు చెప్పింది. "వదినా, నీ నోట్లోనే ఉండాది," అంది. నవ్వుతూనే అంది.

పదకొండుకు వెళ్ళి కూర్చున్నాను. తమ్ముడు ఆకు వేసి నీళ్ళు చల్లాడు. పెద్దమ్మ ఆ రోజు వంటింట్లో లేదు, డబ్బుల బల్ల దగ్గర కుర్చీలో కూర్చుంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కోడలు గడప దగ్గర నిలబడింది, కొంగుతో వేళ్ళు తుడుచుకుంటూనే ఉంది, ఎంత తుడిచినా అయిపోవడం లేదు.

పప్పు కలుపుకున్నాను. నేతిచుక్కతో కందిపప్పు మెత్తగా కరిగిపోయింది, ఉప్పు ఎక్కడుండాలో అక్కడ ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. గోరుచిక్కుడు పొరియలు తిన్నాను, అదీ కుదిరింది. చారు కుదిరింది. అప్పుడు గుమ్మడికాయ పులుసు పోయించుకున్నాను.

ఉప్పు. ముద్ద మింగలేనంత కాదు. కానీ ఎక్కువ. ఎండలో నడిచొచ్చినవాళ్ళు నీళ్ళు తాగి సరిపెట్టుకుంటారు. కొందరైతే గమనించను కూడా గమనించరు. సరిపోయింది అంటే ఆ పిల్ల పద్దెనిమిదేళ్ళ కష్టం గట్టెక్కుతుంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, దాచను. ఇంకో ముద్ద తిన్నాను, ఏమైనా మారుతుందేమోనని. మారలేదు. తాడు అవతల బస్సు డ్రైవరు గడియారం చూసుకుంటున్నాడు. తెల్లపంచె కట్టుకుని ఇదే చోటినుంచి లేచిన మా నాయన గుర్తొచ్చాడు.

"పులుసులో ఉప్పెక్కువుండాది," అన్నాను.

కోడలు కొంగు వదిలేసింది, అంతే. తమ్ముడు మెల్లగా నా దగ్గరికి వంగాడు.

"అక్కా, కొంచెం నీళ్ళు పోసి తిప్పేస్తాంలే. సరిపోయిందని చెప్పెయ్. సాయంత్రానికి మాస్టరు ఎట్లాగూ వస్తాడు గదా."

"నీళ్ళు పోస్తే అది పులుసవదు," అన్నాను. "తాడు విప్పొద్దు."

అప్పటిదాకా కదలని పెద్దమ్మ అడిగింది. "పాపా, పప్పు ఎట్లుండాది?"

నాకు యాభై దాటాయి. ఆమెకు ఇంకా పాపనే.

"సరిపోయింది పెద్దమ్మా."

"పొరియలు? చారు?"

"అవీ సరిపోయినాయి. పులుసొక్కటే."

పెద్దమ్మ కోడలివైపు తిరిగింది. "మే, పులుసుకు ఎన్ని గుప్పిళ్ళు ఏసినావు?"

"ఒకటిన్నరే అత్తా. నువ్వు ఏసే మాదిరే."

"అన్నిట్లోకీ ఎనక చేసింది పులుసేనా?"

"అవునత్తా."

పెద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేను ఎంగిలి చేత్తో అట్లాగే కూర్చున్నాను. లోపలినుంచి డబ్బా మూత చప్పుడు వినిపించింది. ఆమె ఆ డబ్బా చంకన పెట్టుకుని, ఎడమచేత్తో ఇంత ఉప్పు తీసుకుని బయటికొచ్చింది. కొడుకు ముందు చెయ్యి తెరిచింది. ఉప్పు పిండిలాగా మెత్తగా వేళ్ళ సందుల్లోంచి కారింది. ఆ హోటల్లో ఎప్పుడూ రాళ్ళుప్పే. గుప్పిట కొలత దానికే. మెత్తటి ఉప్పు గుప్పిట్లో కూరినట్టు పడుతుంది, అదే గుప్పిటకు ఉప్పదనం ఎక్కువైపోతుంది.

"ఇది యాడిదిరా?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "రాళ్ళుప్పు అయిపోయిందమ్మా. గోనె విప్పేదానికి కత్తి దొరకలేదు. ఇంట్లో ప్యాకెట్లుంటే పోసినా. ఉప్పు ఉప్పే గదా అనుకున్నా."

"ఎప్పుడు పోసినావు?"

"పప్పు దించినాక. ఈమె చింతపండు పిసుకుతా ఉన్నింది."

"పొరియలుకూ చారుకూ?"

కోడలు చెప్పింది. "ఆ రెండిటికీ ముందే తీసి పెట్టుకునుంటి అత్తా. పులుసుకు చూడకుండా చెయ్యి పెట్టినా. వేళ్ళకు తేడా తెలియాల్సింది. తెలీలేదు. తప్పు నాదే."

ఆ పిల్ల అట్లా చెప్పడం నాకు బాగా గుర్తుంది. మొగుడి మీద పెట్టేయొచ్చు, పెట్టలేదు.

పెద్దమ్మ ఉప్పు దులుపుకుంది. "సెయ్యి నాదే," అంది, కోడలి కుడిచేతిని చూపించి. "ఉప్పే మనది కాదు. పో, గోనె విప్పు. గుమ్మడికాయ ఇంకోటి తరుగు. ఉప్పెయ్యకుండా ఉడికించి, చింతపండు రసం, బెల్లం సేర్చి దాంట్లో కలుపు. బాగా తెర్లనీ. పాపా, నువ్వు లేయొద్దు."

కొడుకుతో, "నువ్వు ఆ మాస్టరుకు ఫోన్ చెయ్. రావద్దని చెప్పు. పన్నీరు తినాలంటే నువ్వే వేలూరు పో," అంది.

అరగంటకు పైగా పట్టింది. నేను ఎండిపోతున్న చేత్తో ఆకు ముందే కూర్చున్నాను. బయట జనం పెరిగారు. గుండు మీద చందనం పూసుకున్న యాత్రికులు నీడకోసం గోడకు అతుక్కుని నిలబడ్డారు. బస్సు డ్రైవరు తాడు పట్టుకుని లోపలికి తొంగిచూశాడు.

"ఏందమ్మా, ఆకులు ఇంకా చెట్టుమీదే ఉండాయా?"

"పులుసు తెర్లుతా ఉండాది. ఆగన్నా," అన్నాను.

"బండి ఇంత లేటుగా నడిపితే నన్ను ఉద్యోగంలోంచి తీసేసుందురు," అన్నాడు. కానీ వెళ్ళలేదు. పక్కన యాత్రికుడెవరో వేరే హోటలుకు పోదామా అంటే, ఆయనే సర్దిచెప్పాడు. "ఈడ సరిపోయిందని చెప్పేదాకా పెట్టరు సామీ. అందుకే మేం ఈడ తింటాం." ఒక్కరు కూడా కదలలేదు. లోపల కూర్చున్న నాకు ఆ మాట విన్నప్పుడు వెన్ను నిటారైంది.

రెండోసారి పులుసు పోసింది కోడలే. పోసి గడప దాకా వెనక్కి వెళ్ళలేదు, నా ముందే నిలబడింది. కలుపుకుని తిన్నాను. పులుపు, తీపి, ఉప్పు మూడూ సమానంగా ఉన్నాయి.

"సరిపోయింది," అన్నాను.

తాడు విప్పారు.

మర్నాడు ఎప్పటిలాగే వెళ్ళి కూర్చున్నాను. తమ్ముడు నా ఆకు వేసి నీళ్ళు చల్లుతుంటే, పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. నేను ఉలిక్కిపడి లేవబోయాను. ఆమె ఉండగా మొదటాకు నేనెట్లా తీసుకునేది?

"కూసో పాపా. మొదటాకు మీ ఇంటిదే. నాకు రెండో ఆకు ఎయ్యమను," అంది. "ఈ వంట నేను చేసింది కాదు గదా. నేనూ తినొచ్చు."

అన్నేళ్ళు అంతమందికి పెట్టిన మనిషి, జనం అంతా వెళ్ళాక వెనక వసారాలో మిగిలింది తినడమే తప్ప, ఆ బల్ల మీద ఎప్పుడూ కూర్చోలేదు. కొడుకు ఆమెకు ఆకు వేసి నీళ్ళు చల్లాడు. ఆమె ఎడమచేత్తో నీళ్ళు తుడిచి, మూసుకోని కుడిచేత్తోనే పప్పన్నం మెల్లగా కలుపుకుంది. ఆ రోజు పొరియలు పొట్లకాయ, పులుసు వంకాయ.

కోడలు గడప దగ్గర నిలబడింది. నేను పప్పు తిన్నాను, పొరియలు తిన్నాను, చారు తాగాను. పులుసు దగ్గర కావాలనే కొంచెం ఆలస్యం చేశాను. మొదటాకు మనిషి సరిపోయింది అనకముందే ఇంకెవరూ ముద్ద నోట పెట్టకూడదని నియమం కదా, పెద్దమ్మ ఏం చేస్తుందో చూద్దామని పక్కకు చూశాను.

ఆమె నా మాట కోసం ఆగలేదు. అప్పటికే పులుసన్నం రెండో ముద్ద కలుపుకుంటోంది.