తాతయ్య వదలని చేప

నా చిన్నప్పుడు మా పక్కింటి తాతయ్య చేపలు పట్టేది తినడానికి కాదు, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడానికి. ఈ సంగతి మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ తెలియదు. అప్పుడు మేం బహ్రెయిన్‌లో, మనామా ఊళ్ళోని నయీమ్‌లో ఉండేవాళ్ళం. ఒకే వరండాలోకి తెరుచుకునే రెండు వాటాల్లో ఒకటి మాది, ఇంకొకటి ఆయనది. మా నాన్న ఊరికి దూరంగా, అవాలిలో ఒక క్యాంటీన్‌లో వంట చేసేవాడు. వారమంతా అక్కడే ఉండి, శుక్రవారం సెలవుకి మాత్రం ఇంటికొచ్చేవాడు. మిగతా రోజుల్లో అమ్మా, నేనూ, గోడకి అవతల తాతయ్య దగ్గూ.

తాతయ్యది మదనపల్లె వైపు. మాకు చుట్టం కాదు. తెలుగు మాట వినిపించిందని అమ్మ వెళ్ళి పలకరించింది, అంతే, ఆ రోజునుంచి ఆయన అమ్మకి బాబాయి, నాకు తాత. వయసులో ఉన్నప్పుడు ఊటీ కొండల్లో ట్రౌట్ చేపలుండే చెరువుకి కాపలా ఉండేవాడట. సరదాకి చేపలు పట్టడానికి వచ్చే దొరల వెనక తిరిగి ఆ విద్య నేర్చుకున్నాడు. అందులో వానపాము ఉండదు, పిండిముద్ద ఉండదు. కోడి ఈకనీ రంగు దారాన్నీ చిన్న గాలానికి చుట్టి ఈగలాంటిదాన్ని చేస్తారు. సన్నటి వెదురు కర్రతో పొడవాటి దారాన్ని తలమీదుగా వెనక్కీ ముందుకీ ఆడించి, ఆ ఈకల ఈగని నీళ్ళమీద చప్పుడు కాకుండా వాల్చాలి. నిజం ఈగే అనుకుని చేప పైకొస్తుంది.

బహ్రెయిన్‌లో ట్రౌట్ ఎక్కడ దొరుకుతుంది? అది మంచులాంటి నీళ్ళలో బతికే చేప. తాతయ్య మాలి పని చేసే ఖర్జూర తోటలో చిన్న చెరువంత సిమెంటు తొట్టి ఉండేది. దోమలు చేరకుండా అందులో ఎవరో తిలాపియా చేపలు వేశారు. ట్రౌట్‌కి చెయ్యాల్సిన మర్యాదలన్నీ ఆయన వాటికి చేసేవాడు. గాలానికున్న ముల్లుని ఆకురాయితో అరగదీసేవాడు, తీసేటప్పుడు చేప నోరు చిరక్కుండా. చేతులు తడుపుకోకుండా చేపని ముట్టుకోనిచ్చేవాడు కాదు. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు ఊడి వస్తుందని, అప్పటికి ఈదుకుంటూ పోయినా తర్వాత ఎక్కడో చచ్చిపోతుందని చెప్పేవాడు.

ఇవన్నీ తెలియక ముందు అమ్మ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. శుక్రవారం పొద్దున్నే తాతయ్య గాలం కర్రతో బయల్దేరగానే, మాకూ ఓ చేప రాకపోతుందా అని మసాలా నూరి కూచునేది. ఆయనేమో ఎండెక్కేసరికి ఉత్త చేతులతో వచ్చేవాడు. అమ్మ గోదావరి జిల్లా మనిషి. చేపలకి వెళ్ళినవాడు చేప లేకుండా ఇంటికి రావడం అంటే ఆవిడ దృష్టిలో పరువు పోయినట్టే. "పాపం పెద్దాయనకి చూపు ఆనట్లేదు కాబోలు" అని తెగ జాలిపడి, నాన్న చేత బజార్లో పెద్ద చేప కొనిపించి, మాకు ఎక్కువైపోయిందని అబద్ధం చెప్పి ఆయనకి పులుసు పంపేది. ఆయన ఏమీ ఎరగనట్టు తినేవాడు. నేను తోటకి వెళ్ళి నా కళ్ళతో చూసి వచ్చి అసలు సంగతి చెబితే, అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. అయినా పులుసు పంపడం మానలేదు.

ఆ ఏడాదే అమ్మ మంచం పట్టింది. మొదట ఇంట్లో, తర్వాత ఆస్పత్రిలో. నేను చూడ్డానికి వెళ్ళేసరికి జడ వేసుకుని, బొట్టు పెట్టుకుని, దిండుకి ఆనుకుని నవ్వుతూ ఉండేది. నీరసం తప్ప ఏం లేదనేది. కొన్నాళ్ళకి నాన్న ఓ కబురు చెప్పాడు. అమ్మని అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్తున్నాడు, అక్కడ గాలి మారితే తేరుకుంటుంది. నేను మాత్రం పరీక్షలు రాసుకుంటూ మేడ మీది వాటాలో ఉండే, నేను అత్తా అని పిలిచే ఆవిడ దగ్గర ఉండాలి. సెలవులు అయ్యేసరికి అమ్మ తిరిగి వచ్చేస్తుంది. నేను నమ్మేశాను. నమ్మడమే కాదు, వచ్చేటప్పుడు మామిడి తాండ్ర తెమ్మని అమ్మకి పురమాయించాను కూడా. సరేనంది.

వాళ్ళ ప్రయాణం ఇంకో రెండు రోజులుందనగా, నన్ను కాస్త ఆడించమని నాన్న తాతయ్యకి అప్పగించి ఆస్పత్రికి వెళ్ళాడు. తాతయ్య నన్ను తోటకి తీసుకెళ్ళాడు. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. వేడి నీళ్ళలో చేప తొందరగా అలిసిపోతుందని ఆ రోజుల్లో ఆయన గాలం వెయ్యడు. ఆ రోజు నా కోసమని వేశాడు. ఓ పెద్ద చేప పడింది. చాలాసేపు గింజుకుంది. దగ్గరికి లాగి, చేతులు తడుపుకుని, నీళ్ళలోనే ఉంచి గాలం తీశాడు. మామూలుగా అయితే చేప తోక విదిలించి మాయమైపోవాలి. ఇది పోలేదు. పక్కకి ఒరిగిపోయింది.

తాతయ్య తొట్టి గట్టుమీద బోర్లా పడుకుని, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి, దాన్ని నిటారుగా పట్టుకున్నాడు. మొప్పల్లోకి నీళ్ళు పోయేలా మెల్లగా ముందుకి నడిపించాడు. పోతుందిలే అని నేను పక్కన కూర్చున్నాను. ఎంతసేపటికీ పోలేదు. ఎండ ఆయన వీపు మీదకి వచ్చింది. చొక్కా తడిసిపోయింది. నాకు విసుగొచ్చింది.

"వదిలెయ్ తాతా, అదే పోతుంది" అన్నాను.

"ఇది పోయేట్టు లేదు పాపా."

"మరి ఎందుకు పట్టుకున్నావు?"

"వదిలేస్తే ఎల్లెలికిలా పడతాది. దానికి ఊపిరి ఉన్నంత సేపు ఇట్ల పట్టుకోవల్ల. నాతో అయ్యేది అదొకటే."

నేను నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. చేప నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఎందుకో తెలియదు, ఆ నోటిని చూస్తుంటే జడ వేసుకుని దిండుకి ఆనుకున్న అమ్మ గుర్తొచ్చింది. తాండ్ర తెమ్మన్నప్పుడు సరేనని, మొహం కిటికీ వైపు తిప్పుకోవడం గుర్తొచ్చింది.

"తాతా, అమ్మ తిరిగి రాదా?"

ఎందుకు రాదు పిచ్చిదానా అని ఆయన నవ్వి కొట్టిపారెయ్యలేదు. చేపని పట్టుకున్న చేతులు కదపకుండా, తల మాత్రం నా వైపు తిప్పాడు.

"రాదు పాపా" అన్నాడు.

నేను ఏడ్చాను. ఊరుకోమని ఆయన అనలేదు. చేపని వదలకుండానే నా పక్కకి జరిగి అలాగే పడుకున్నాడు. చేప నోరు కదలడం ఆగిపోయాక దాన్ని పైకి తీసి, తోట మూల మట్టిలో పెట్టాడు. తర్వాత నా మొహం కడిగి ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ మధ్యాహ్నం నా మాటల్లో సంగతి బయటపడగానే, వరండాలో నాన్న ఆయన మీద విరుచుకుపడ్డాడు. అంతకు ముందు నాన్న ఆయన్ని ఏనాడూ గట్టిగా ఒక మాట అనలేదు.

"పసిపిల్లకి ఎందుకు చెప్పారండీ? మీకేం హక్కుందని చెప్పారు?"

"హక్కేమీ లేదు నాయనా" అన్నాడు తాతయ్య. "నేను ఊటీలో ఉండంగా నా ఇంటిదానికి బాగలేకుండా పోయింది. నేను దిగులు పడతానని ఎవురూ చెప్పలేదు. అంతా అయిపోయినాంక చెప్పినారు. నా మంచికే దాచిపెట్టినారు వాళ్ళు. ఆ మంచి నాకింకా అరగలేదు. పాపని తోడుకోని పో. పరీచ్చలు ఎప్పుడన్నా రాసుకుంటాది."

నాన్న గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. మర్నాడు వెళ్ళి నాకూ టికెట్ తీసుకొచ్చాడు.

విమానంలో నేను అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ మామూలుగానే నవ్వుతూ, మేఘాలు చూడమంది. నేను చూడలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆవిడ మొహంకేసే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి అమ్మ నవ్వు ఆగిపోయింది.

"నీకు తెలుసా?" అంది.

తల ఊపాను. కోప్పడుతుందేమో అనుకున్నాను. అమ్మ కళ్ళు మూసుకుని ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. "హమ్మయ్య. ఇంక నీ ముందు నవ్వక్కర్లేదు" అంది. నా భుజం మీద తల పెట్టుకుని, దిగేదాకా ఏడుస్తూనే ఉంది. నా భుజం అప్పటికి ఎంత ఉంటుంది గనక! అయినా అమ్మ తల అక్కడే ఉంచింది.

అమ్మమ్మ ఇంట్లో అమ్మ ఇంకా కొన్ని వారాలు బతికింది. ఆ వారాల్లో నాకు నొప్పి అని చెప్పింది, భయం అని చెప్పింది, తన చిన్నప్పటి కబుర్లు చెప్పింది. పోయినప్పుడు నేను మంచం మీదే, పక్కనే ఉన్నాను. మేం తిరిగి నయీమ్ వచ్చేసరికి తాతయ్య పని మానేసి ఊరెళ్ళిపోయాడు. పక్క వాటాలో ఎవరో కొత్తవాళ్ళు దిగారు. ఆయన్ని మళ్ళీ చూడలేదు. ఆయనకి చెప్పాల్సింది చాలా ఉండిపోయింది నాకు.

ఇప్పుడు నేను మనామాలోనే, అద్లియాలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మనవాళ్ళెవరైనా ఆస్పత్రిలో ఉన్నారంటే వెళ్ళి చూసొస్తాను. కూలి పనులకి వచ్చి క్యాంపుల్లో ఉండే కుర్రాళ్ళకి ఇక్కడ చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎవరుంటారు? అందరూ పళ్ళు పట్టుకొచ్చి, నీకేం కాదు, వచ్చే నెలకల్లా లేచి డ్యూటీకి పోతావు అని చెప్పి పోతారు. వాళ్ళని నేను తప్పు పట్టను. నాకు మాత్రం ఆ మాట నోట రాదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని, చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. కొందరు నవ్వుతూనే ఉంటారు. కొందరు కాసేపటికి నవ్వడం మానేసి ఏడవడం మొదలుపెడతారు. అప్పుడు నేను లేచి వెళ్ళను.