చిక్కుడు పందిరి దగ్గర మలుపు

మొన్న కందుకూరు పోయే బస్సులో నా పక్కనామె మూత సరిగా పట్టని చారుగిన్నె ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇబ్రహీంపట్నం దాటాక వచ్చే పెద్ద మలుపులో బస్సు తిరిగింది. చారు అంచుదాకా వచ్చి, ఒలకకుండా సర్దుకుంది. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ మలుపు వేసిన సర్వేయర్ని నేనేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ, ఆమె దృష్టంతా చారు మీదే ఉంది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో అక్కడ మలుపు లేదు, మూల ఉండేది. రెండు తిన్నని దారులు మోచేయిలా విరిగి కలిసేవి. బయటివైపు ఒక పెద్ద కోడలి ఇల్లు. తిరగలేని బండ్లన్నీ ఆమె ప్రహరీనే పలకరించేవి. లోపలివైపు, సర్కారు జాగాలో, ఆమె తోడికోడలు వేసుకున్న చిక్కుడు పందిరి. ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకని అడిగితే ఇద్దరూ చెప్పేవారు, కారణాలు మాత్రం వేరు వేరు.

మా పని ఆ మూలను గుండ్రంగా మలచడం. వంపు ఒక దారి మీద ఎక్కడ మొదలై రెండోదానిలో ఎక్కడ కలవాలో లెక్కగట్టి, తిన్నని గీత నుంచి లోపలికి టేపుతో కొలుస్తూ కట్టె గూటాలు దిగ్గొట్టి, వాటిని కలుపుతూ సున్నం పోస్తాం. కాగితం మీద వంపు ముచ్చటగానే ఉంది. నేల మీదకొచ్చేసరికి కాపు మీదున్న చిక్కుడు తీగల నడుమ నుంచి పోయింది. చిన్న కోడలు గూటాలు పీకి నా కాళ్ల దగ్గర పడేసింది.

“మేడం, గవన్ని మా అక్క దిక్కు జరుపుండ్రి. రోడ్డు కావాల్నన్నది ఆమెనే గద!”

“అటు జరిపితే మూల ఇంకా ఇరుకైతదమ్మా,” అన్నాను.

మేం వాదించుకుంటుండగానే ఇటుకల ట్రాక్టరు ఒకటి మూల తిరగలేక నేరుగా ప్రహరీ వైపు పోయింది. గోడ పక్కన పెద్ద కోడలు బట్టలు ఆరేస్తోంది. మేమంతా వెనక్కి దూకాం. చిన్న కోడలు మాత్రం “అక్కా!” అని అరుస్తూ ఉరికి, ఆమె రెక్క పట్టి లాగేసింది. గోడ కూలింది. ఇద్దరూ తడిబట్టల్లో చుట్టుకుని నేలమీద పడ్డారు. అదృష్టం, డ్రైవరుతో సహా ఎవరికీ ఏమీ కాలేదు.

దుమ్ము తగ్గాక పెద్దామె అంది: “గింత గట్టిగ గుంజుతరానే? రెక్క ఊడొస్తుండె.”

“ఊడితే ఊడనియ్యి. మనిషివైతే ఉన్నవ్ గద,” అని చిన్నామె ఏడ్చేసింది. కాసేపటికి ఇద్దరూ నవ్వుతున్నారు.

ఆ మధ్యాహ్నం చిన్నామె కాయలన్నీ తెంపుకుని, గూటాలు తనే పట్టుకొచ్చింది. నేను చూపిన చోటల్లా బండరాయితో దిగ్గొట్టింది. పెద్దామె వెనక నిలబడి “వంకర పోతున్నదే!” అని అరుస్తూనే ఉంది. వంకర పోవడమే కావాలని ఎంత చెప్పినా నమ్మలేదు. పొద్దుగూకేసరికి మా అందరికీ ఆమె ఇంట్లోనే జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర.

అక్కడొక మూల ఉండేదని ఇప్పుడా దారిన పోయేవాళ్లకు తెలియదు. కాలం అన్నీ మరిపిస్తుందని అప్పుడప్పుడూ దిగులుపడతాను గానీ, ఈ ఒక్క మూలను మరిపించినందుకు దానితో నాకు ఏ పేచీ లేదు.