ద్రాక్షరసానికి చెప్పిన షాంపేన్ చరిత్ర

ముప్పై మంది ఆడవాళ్లు పట్టుబట్టల్లో, నగలతో, ఒకేసారి లేచి నోరు కడుక్కోడానికి పరుగెత్తడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, పరుగెత్తించిందే నేను. నిప్పు పెట్టలేదు, బల్లిని వదల్లేదు. నిలబడ్డ చోటే నిలబడి, చక్కటి ఇంగ్లీషులో, ఒక షాంపేన్ ఇంటి చరిత్ర చెప్పాను, అంతే. అదీ కువైట్‌లో, మందు చుక్క కనపడితే మనిషిని విమానం ఎక్కించే దేశంలో. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో ఎవరైనా తెలివితక్కువ పనులు చేస్తారులే అని నన్ను ఓదార్చకండి. నేను చేసింది తెలివి ఎక్కువై చేసిన పని.

అసలా చరిత్ర నా నోట్లోకి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మాది పాలకొల్లు దగ్గర. నాన్న మా చర్చిలో పెద్ద. మా ఇంట్లో దగ్గు మందు కూడా వాసన చూసి గానీ తాగనిచ్చేవారు కాదు. అలాంటి ఇంట్లోంచి విశాఖపట్నం వెళ్లి హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరాను. అక్కడ పానీయాల పాఠం చెప్పే మాస్టారికి ఫ్రాన్స్‌లో ఒక పాత షాంపేన్ ఇల్లంటే వల్లమాలిన భక్తి. ఇల్లంటే షాంపేన్ తయారుచేసే కంపెనీ. దాని పేరు చెప్పను. వాళ్లకి నేను చేసిన అపకారం చాలు.

పీపాలు చేసుకునే ఒకాయన ఆ ఇంటిని మొదలుపెట్టాడట. ఆయన పోతే, చంటిపిల్లల తల్లి అయిన ఆయన భార్య పగ్గాలు పట్టిందట. ఊరంతా "ఆడదానికెందుకు ఈ యాపారం" అంటుంటే, సుద్దరాతి నేలలో గుహలు తవ్వించి, సీసాల్ని ఏళ్ల తరబడి అందులో పడుకోబెట్టిందట. చివర్లో వాటిని తలకిందులుగా చెక్కల్లో గుచ్చి, రోజూ ఒక్కోదాన్ని చేత్తో కాస్త కాస్త తిప్పేవాళ్లట. అన్నిటికంటే గొప్ప సంగతి ఇంకోటుంది. ప్రతి ఏడూ కొంత వైన్‌ని దాచి, మరుసటి ఏటి దాంట్లో కలిపేవాళ్లట. "పంట ఎలా ఉన్నా సీసాలో రుచి మారకూడదు. అదే ఆ ఇంటి శైలి, అదే ఆ ఇంటి పరువు," అని మాస్టారు కళ్లు మూసుకుని చెప్పేవారు. నేను ఒక్క చుక్క రుచి చూడకుండానే ఆ పాఠాన్ని బైబిల్ వాక్యంలా కంఠస్థం చేశాను. చివర్లో వాసన గురించి వచ్చే వరుస కూడా నాకు నిద్రలో వచ్చేది. ముందు పచ్చి ఆపిల్, తర్వాత కాల్చిన రొట్టె, ఆఖర్న బాదం.

పెద్ద ఓడలో ఉద్యోగం వస్తుందని, అక్కడ తెల్లదొరల ముందు ఇదంతా చెబుతానని కలలు కన్నాను. ఓడ రాలేదు. ఏజెంటు కువైట్ వీసా తెచ్చాడు. పండగలకీ పార్టీలకీ ఇంటికెళ్లి వడ్డించే కంపెనీ అది. చర్చిలో ప్రార్థన చేసి, దండేసి మరీ పంపించారు.

వచ్చాక మూడు నెలలు గహ్వా అనే అరబ్బీ కాఫీ పోశాను, టీ పోశాను, నిమ్మరసం పోశాను. వాటికి చరిత్ర అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆ పాఠం లోపల కాలుగాలిన పిల్లిలా తిరిగేది. కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. మహబూలాలో మేం ఆరుగురం ఉండే ఫ్లాట్‌లో నీళ్ల సీసా మూత కూడా తువ్వాలు చుట్టి తీసేదాన్ని. మా జట్టుకి పెద్ద రాహేలక్క, రాజోలు మనిషి, పద్దెనిమిదేళ్లుగా కువైట్‌లో ఉంది. ఆవిడ చూసీ చూసీ, "ఆ సారా కథ ఆపి ముందు కూర దింపవే, అడుగంటిపోతంది," అనేది.

ఆ పరుగు జరిగిన వారమే ఉద్యోగంలో నా పరీక్షా కాలానికి ఆఖరి వారం. గురువారం దాటితే ఇఖామా కొడతారు, అంటే ఇక్కడ ఉండటానికి కాగితం. ఈలోగా ఒక్క ఫిర్యాదు వస్తే ఖలాస్, తిరుగు టిక్కెట్టే. సరిగ్గా బుధవారం మధ్యాహ్నం, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో, పుట్టిన పాపని చూడ్డానికి వచ్చే ఆడవాళ్లకి విందు. మగవాళ్లు లోపలికి రారు కాబట్టి వడ్డించేది మేమే. రాయచోటి నుంచి వచ్చిన ఖాదరన్న మమ్మల్ని వ్యాన్‌లో దించి, "నేను బయటనే ఉంటామ్మా, ఏమన్నా కావల్నంటే ఫోన్ కొట్టు," అన్నాడు.

వంటింట్లో పెట్టె తెరిచి దాని ముందే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. లోపల పన్నెండు సీసాలు. ముదురాకుపచ్చ గాజు, మెడకి బంగారు రేకు, దాని కింద తీగ, బిరడా, ముందు ఒక కోట బొమ్మ.

"ద్రాక్షరసమే," అంది రాహేలక్క. "సోడా పోసి సీసాలో ఏత్తారు, పార్టీలకి సోకుగా ఉంటాదని. నిన్న ఎగైలా మాల్‌లో కొన్నాం. ఐసులో పెట్టు, గ్లాసుల్లో పొయ్యి, తీసుకెళ్లు. నోరు మాత్తరం తెరవకు."

"తెరవనక్కా."

నిజంగానే తెరవకూడదనుకున్నాను. కానీ చేతులు ఊరుకోవు కదా. ప్రతి సీసా వెనక ఒక తెల్ల స్టిక్కర్ వంకరగా అంటించి ఉంది, అన్నీ అరబ్బీ అక్షరాలు. నాకు అరబ్బీ చదవడం రాదు. సీసా ముస్తాబు చెడకూడదని మాస్టారు చెప్పేవారు. అందుకని ఐసు నీళ్లలో నానబెట్టి పన్నెండూ ఒలిచేశాను. వాటితో పాటు వాటి కిందున్న అసలు కంపెనీ చీటీ కూడా ఊడొచ్చింది. పోతే పోనీ అనుకున్నాను. ఒలిచినవాటిని కౌంటర్ అంచుకి అతికిస్తూ పోయి, ఆఖరికి ఆ అంచుకే ఆనుకుని నిలబడి, నా పనితనం చూసుకుని కాసేపు మురిసిపోయాను. రాహేలక్క అడుగుల చప్పుడు వినపడగానే దొరికినవన్నీ పీకి చెత్త సంచిలో పడేశాను. ఆ సంచిని ఖాదరన్న తీసుకెళ్లి వీధి చివర డబ్బాలో వేశాడు.

హాల్లో సోఫాల నిండా చుట్టాలు. మధ్యలో పాప తల్లి, మామా నూరా. ఇక్కడ ఇంటి యజమానురాల్ని మామా అనే పిలవాలి. ఆవిడ పక్కన సింహాసనంలాంటి కుర్చీలో అత్తగారు, మేమంతా పెద్ద మామా అనేవాళ్లం. బుఖూర్ ధూపం ఇల్లంతా పట్టేసి ఉంది. నేను సీసాని వాలుగా పట్టుకుని, తెల్ల తువ్వాలు కప్పి, బిరడాని కదపకుండా సీసానే తిప్పాను. చిన్న నిట్టూర్పుతో తెరుచుకుంది. పెద్ద మామా ఒక గ్లాసు తాగి, బాగుందని ఇంకోటి అడిగింది.

లండన్‌లో చదువుకుని వచ్చిన నూరా చెల్లెలు మరియం నన్నే చూస్తోంది. "భలే తీశావే. ఎక్కడ నేర్చుకున్నావు? దీని సంగతేంటో చెప్పు," అంది ఇంగ్లీషులో.

చెప్పు అంది. మూడు నెలల తర్వాత ఒక మనిషి నన్ను చెప్పు అంది. నేనేం చేసేది మీరే చెప్పండి.

"మేడమ్, ఇది ఫ్రాన్స్‌లో చాలా పాత ఇల్లు," అని మొదలుపెట్టాను. ఇది ద్రాక్షరసం అన్న సంగతి నా బుర్రలో ఉంది. కానీ నోరు బుర్రని అడగడం మానేసింది. పీపాలాయన్ని చంపాను, భార్యని గద్దెనెక్కించాను, గుహలు తవ్వించాను. అమ్మాయిలు చుట్టూ చేరారు. పక్క సోఫా వాళ్లు మెడలు చాచారు. ఏడేళ్లు చీకట్లో పడుకోబెడతారని చెప్పి, ఆపిల్, రొట్టె, బాదం వాసనలు వరసగా పట్టించాను.

పెద్ద మామా మరియంని అడిగింది, "ఈ పిల్ల ఏమంటోంది?"

మరియం నవ్వుతూ అరబ్బీలోకి తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ సగంలో ఆగింది. నవ్వు పోయింది. నాకేసి తిరిగి మెల్లగా, "ఏడేళ్లు గుహలో పెడితే ద్రాక్షరసం ఏమవుతుంది?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు నాకు ఫస్ట్ క్లాస్‌లో వచ్చు. అప్పుడు గానీ నోరు మూతపడలేదు.

"ఖమర్," అంది ఎవరో వెనక నుంచి. మందు అని అర్థం. పెద్ద మామా చేతిలోని రెండో గ్లాసు బల్ల మీదికి దిగింది. "అస్తగ్‌ఫిరుల్లా," అని దేవుణ్ణి క్షమించమని వేడుకుంది. అంతే, హాలంతా లేచింది. ఇందాక మీకు చెప్పిన పరుగు ఇదే.

నూరా మొహంలో రక్తం లేదు. "నా కూతురి విందులో, మా అత్తగారి చేత మందు తాగించావా?"

"లేదు మామా, ఇది ఉత్త ద్రాక్షరసం."

"అయితే అబద్ధం చెప్పావా?"

"లేదు మామా, చెప్పిందంతా నిజమే. కానీ ఈ సీసాది కాదు."

"మరి ఏ సీసాది?"

"వేరే సీసాది."

"ఆ వేరే సీసా ఎక్కడుంది?"

ఇలాంటి తెలివైన జవాబులు నాకు అప్పటికప్పుడు ఎలా తడతాయో ఈనాటికీ తెలియదు. ఆ వేరే సీసా కోసం వంటింట్లో అల్మరాలు తెరిచారు. మా బ్యాగులు బోర్లించారు. రాహేలక్క కేకుల పళ్లెం పట్టుకుని వచ్చి, నా మొహం చూసి, పళ్లెం కింద పెట్టి, "ఏం సేసావే," అంది నీరసంగా.

చెప్పాను. ఆవిడ అరబ్బీలో గడగడా మాట్లాడింది. ఎగైలా మాల్‌లో అందరూ కొనుక్కునేదేనని, వెనకాల స్టిక్కర్ మీద రాసే ఉంటుందని, కావాలంటే చదువుకోమని సీసా తిప్పి చూపించింది. వెనక్కాల నున్నటి గాజు తప్ప ఏమీ లేదు.

"స్టిక్కరేదే?"

"ఒలిచేశానక్కా."

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ నన్ను కొట్టలేదు. నేనైతే కొట్టేదాన్ని. వెంటనే ఖాదరన్నకి ఫోన్ చేసి, చెత్త సంచి వెతకమంది. అవతలి నుంచి గొంతు మా అందరికీ వినపడింది. "యాడుందిమ్మా సంచి, ఇందాకనే బండొచ్చి ఎత్తుకపాయె. నన్ను ఇంగో సీసా ఏమన్నా దాచినావా అని వాచ్‌మన్ అడగతాండాడు, యా సీసామ్మా అది?"

పోనీ రుచి చూసి తేల్చుకుందామంటే, మందు రుచి తెలిసినవాళ్లు ఆ హాల్లో లేరు. తెలిసినవాళ్లున్నా ఆ పూట చెప్పేవాళ్లు లేరు.

"మీ ఆఫీసుకి ఫోన్ చేస్తున్నాను," అంది నూరా. "నువ్వు బయటికి నడు."

రేపటి గురువారం కళ్ల ముందు కనపడింది. ఆ వెనకే మా చర్చి. దండేసి పంపిన చర్చి పెద్ద కూతురు మూడు నెలలకే ఎందుకు తిరిగొచ్చిందంటే, మందు పోసిందని పంపేశారట. దాని వాసన కూడా తెలియనిదాన్ని. నాన్న ఏ మొహంతో ముందు బెంచీలో కూర్చుంటారు? ఏడుపు పొంగుకొచ్చింది. అందరికీ వీపు తిప్పి తలుపువైపు నడిచాను.

"ఆగు," అంది పెద్ద మామా.

ఆగాను. తిరగబోతే, "తిరక్కు," అంది. చేతిసంచీలోంచి కళ్లజోడు తీస్తున్న చప్పుడు. కర్ర టకటకలాడుతూ దగ్గరికొచ్చింది. నా నడుం కింద ఏప్రన్ ముడి దగ్గర ఒక వేలు ఆనింది. ఆవిడ అరబ్బీలో ఒక్కో మాటా పైకి చదువుతుంటే మరియం ఇంగ్లీషులో చెబుతోంది.

"మెరిసే ద్రాక్షరసం. మత్తు లేదు. రంగు కలిపారు. చల్లని చోట ఉంచాలి. తెరిచేముందు కుదపరాదు."

కౌంటర్‌కి ఆనుకుని మురిసిపోయినప్పుడు పన్నెండోది నాకే అంటుకుంది. ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ నా నిర్దోషిత్వం నా వెనకాలే ఉంది.

ముందు మరియం నవ్వింది. తర్వాత నూరా ఫోన్ పక్కన పడేసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. బాత్రూం ముందు వరసలో ఉన్నవాళ్లకి ఆ కబురు చేరి, అక్కడి నుంచీ నవ్వులు వచ్చాయి. పెద్ద మామా మాత్రం నవ్వలేదు. తన రెండో గ్లాసు తీసుకుని కూర్చుని, "ఆ విధవ ఏమైంది? పిల్లల్ని పెంచుకుందా?" అని మరియం చేత అడిగించింది.

"పెంచుకుంది మామా. వ్యాపారం కూడా పెంచింది."

అప్పుడు చెప్పిందావిడ. భర్త పోయాక సూక్‌లో, అంటే పాత బజార్లో, బుఖూర్ కొట్టు తనే నడిపిందట. ప్రతిసారీ పాత బుఖూర్‌లో కొంచెం దాచి కొత్తదాంట్లో కలుపుతుందట, నలభై ఏళ్లుగా వాసన మారకుండా. "మా ఇంటి వాసన అది," అంది. మా మాస్టారు కళ్లు మూసుకున్నట్టే మూసుకుంది. నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి భయంతో కాదు.

గురువారం దాటింది. ఇఖామా వచ్చింది. ఆ ఇంట్లో తర్వాత జరిగిన ప్రతి విందుకీ, "ఆ కథల పిల్లని తప్పకుండా పంపండి," అని కబురొచ్చేది. రాహేలక్క నన్ను హాల్లోకి వదిలేముందు, సీసా నుంచి ఒక స్టిక్కర్ జాగ్రత్తగా తీసి నా వీపుకి అంటించడం మొదలుపెట్టింది.

"ఎందుకక్కా?"

"లోపలేముందో జనానికి తెలియాలి కదే," అనేది. "తెరిచేముందు కుదపొద్దని కూడా రాసుంది."

అందుకే నా ఇఖామా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ సీసా స్టిక్కరూ ఒలవను, ఎవరూ అడక్కుండా షాంపేన్ ఊసెత్తను. ఎవరైనా అడిగితే మాత్రం, ముందు నా వీపు చదువుకోమంటాను.