న్సియా వోఫా కలిపిన వైర్లు

మా కుమాసి నగరంలో, సువామే మెకానిక్కుల పేటలో, న్సియాను ఒట్టి పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఎవరికీ మేనమామ కాకపోయినా అందరికీ ఆయన వోఫాయే. ముప్పై ఏళ్లుగా కార్ల కరెంటు పని చేస్తున్నాడు. ఒకప్పుడు జపాన్ నుంచి పాత కార్లు కుడివైపు స్టీరింగుతో దిగేవి. మా రోడ్ల మీద బళ్లు కుడిపక్కన నడుస్తాయి కాబట్టి దాన్ని ఎడమకు మార్చాలి. ఇనుము పని ఎవరైనా చేసేవారు గానీ, డాష్‌బోర్డు వెనక వైర్లన్నీ విప్పి మళ్లీ కలపాలంటే వోఫా దగ్గరికే రావాలి. "నేను కలిపిన వైరు తప్పిందని ఒక్కడిని వచ్చి చెప్పమను, పని మానేసి ఊరెళ్లి కసావా దుంపలు నాటుకుంటా" అనేవాడు. ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

నా కారు కూడా అలా మార్చిందే. ముగ్గురి చేతులు మారి నాకొచ్చింది. దాంట్లో రోజూ ఆరుగురు పిల్లలను బడికి చేరుస్తాను. అదే నా బతుకు.

ఎడారి దుమ్ము గాలి మొదలైన వారం, డాష్‌బోర్డు మీద ఉండే చిన్న కారు బొమ్మలో వెనక కుడి తలుపు ఎర్రగా వెలిగింది. తలుపు సరిగా పడలేదని దానర్థం. తీసి వేశాను. మళ్లీ వేశాను. ఊరంతా వినిపించేలా బాదాను. ఆరితేనా! మూడు రోజులు అలాగే తిరిగాను. శుక్రవారం నాడు, నా బండెక్కే సెర్వా వాళ్లమ్మ కిటికీలోంచి తల పెట్టి చూసింది.

"అఫ్రియే, ఆ ఎర్రదీపం ఏంటి?"

"ఏం లేదమ్మా, ఊరికే వెలుగుతోంది."

"ఊరికే వెలిగేదైతే పెట్టేవాళ్లే కాదు. సోమవారం కూడా అది వెలుగుతుంటే నా పిల్లను ఎక్కించను. మిగతావాళ్లకీ చెప్తాను, ఏమనుకోకు."

ఏమనుకోకు అంట! పొట్ట మీద కొట్టి ఏమనుకోకు అంటే ఎలా? ఒళ్లు మండిపోయింది. కానీ ఆమె అన్నదాంట్లో తప్పు లేదని నాకు తెలుసు, అందుకే ఇంకా మండింది.

శనివారం పొద్దున్నే సువామేకి పోయాను. ముందు బోఆడు అనే కుర్ర మెకానిక్కు షెడ్డు తగిలింది. వాడు తల కూడా ఎత్తకుండా, "దీనికింత ఏడుపెందుకక్కా? వైరు కత్తిరించి పారేస్తే పీడా పోతుంది, రెండు నిమిషాల పని" అన్నాడు. నేను సరే అనబోతుండగా పక్క షెడ్డులోంచి వోఫా కేకేశాడు.

"అఫ్రియే! వాడి చేత కత్తిరించుకునేదానివి నా గుమ్మం ముందు బండి ఎందుకాపావు? ఇలా తీసుకురా."

"నీ వోఫా సాయంత్రం దాకా వదలడు, తినడానికి కెంకే ముద్ద తెచ్చుకున్నావా?" అని బోఆడు పళ్లికిలించాడు.

వోఫా నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. "నేను వెనక ఉంటా. బొమ్మలో ఏం కనిపిస్తే అది చెప్పు. నీ తెలివి కలపకు" అన్నాడు. వెనక కుడి తలుపు తీశాడు.

"వోఫా, కుడిది వెలుగుతూనే ఉంది. ఇప్పుడు ఎడమది కూడా వెలిగింది!"

"ఏంటీ?" తలుపు వేశాడు.

"ఎడమది ఆరిపోయింది."

మళ్లీ తీశాడు, మళ్లీ వేశాడు. నేను మళ్లీ అదే చెప్పాను. ఆయన కారు చుట్టూ తిరిగి వెనక ఎడమ తలుపు దగ్గరికి వెళ్లాడు. పిల్లలు రోడ్డు వైపు దిగకూడదని ఆ తలుపు నేను తెరవనివ్వను. వారం కింద కారు కడిగినప్పుడు తెరిచిందే. దానికి తుంటి ఆనించి గట్టిగా ఒక్క నెట్టు నెట్టాడు. టక్కుమంది. బొమ్మలో కుడివైపు దీపం ఆరిపోయింది.

"ఈ తలుపు దగ్గర ఎవరు కూర్చుంటారు?" అని అడిగాడు.

"సెర్వా. ఐదేళ్ల పిల్ల. రోజూ ఆ తలుపుకే ఆనుకుని..." దిగి వచ్చి చూశాను. కొక్కెంలో దుమ్ము గట్టిపడి అది సగమే పట్టుకుంటోంది. పక్కన లారీలు పోయే వైపు ఆ పిల్లను మూడు రోజులు అలా తిప్పాను.

ఆయన కొక్కేన్ని కిరసనాయిలుతో కడిగి నూనె వేశాడు. తర్వాత డాష్‌బోర్డు కింద దూరాడు. ఎంతసేపటికీ రాడు. వంగి చూస్తే, చేతిలో రెండు వైర్లు పట్టుకుని వాటినే చూస్తున్నాడు. అతుకుల మీద టేపు, టేపు కింద నీలం దారం. అలా దారం చుట్టి అతుకు వేసేది పేట మొత్తానికి వోఫా ఒక్కడే.

"నా చేయే. కుడీ ఎడమా తారుమారు చేశాను" అన్నాడు.

బోఆడు అన్నానికి పోయాడు. చూసింది నేనొక్కదాన్నే. "ఎవరికీ చెప్పను వోఫా. సరిచేసేయండి, అయిపోయింది" అన్నాను. ఆయన సరిచేశాడు. చేతులు తుడుచుకుంటూ, "సోమవారం నేనూ వస్తా. ఆ పిల్ల తల్లికి చెప్పాలి" అన్నాడు.

"మీకు దండం పెడతా వోఫా! దీపం ఆరింది, తలుపు పడుతోంది, ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తారు? ఆమె పిల్లను దింపేస్తుంది. ఆమె వెనకే అందరూ. నన్ను రోడ్డున పడేస్తారా?"

"పడిపోయేది ఆ పిల్ల, అఫ్రియే" అన్నాడాయన. అయినా నా కోపం పోలేదు. ముసలాడికి తన మంచితనమే ఎక్కువైంది, నా కష్టం పట్టదు అని ఆదివారమంతా తిట్టుకున్నాను. చర్చిలో కూడా.

సోమవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. సెర్వా వాళ్లింటి ముందు దిగి, ఆమెకు నమస్కారం పెట్టి, దాచకుండా అంతా చెప్పాడు. తలుపు సంగతి, తారుమారైన వైర్లు, అది తన చేతి తప్పని. నేను స్టీరింగు పట్టుకుని తల దించుకున్నాను. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆమె ఆ తలుపు వంక చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇదంతా నీకు శనివారమే తెలుసా?"

నేను నోరు తెరిచేలోపే వోఫా అందుకున్నాడు. "తెలుసమ్మా. నేను భయపడి వద్దన్నాను. వచ్చి చెప్పి తీరాలని పట్టుబట్టి తీసుకొచ్చింది అఫ్రియేనే."

ఆమె ముఖం మెత్తబడింది. సెర్వాను ఎత్తి వెనక సీట్లో మధ్యన కూర్చోబెట్టింది. "నిన్ను చూసే ఎక్కిస్తున్నాను, అఫ్రియే. నీలాంటి మనిషి దొరకడం కష్టం" అంది.

బండి కదిలించాను. పక్క సీట్లో వోఫా రోడ్డు వైపు చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చి ముందున్న రోడ్డు సరిగా కనిపించలేదు. ఇదంతా జరిగి నాలుగేళ్లయింది. పిల్లలు ఆరుగురల్లా పదకొండుమంది అయ్యారు, ఇప్పుడు రెండు విడతలుగా తిప్పుతున్నాను. నిజాయితీ గల మనిషినని తల్లులు ఒకరికొకరు చెప్పుకుని నా బండికే పంపిస్తున్నారు.