కుట్టకుండా మిగిలిన ఐదు వారాలు

సీరియల్ చివరి ఐదు వారాల కాగితాలను నేనే విడదీసి బల్ల మీద పక్కన పెట్టాను.

“ఇవి వద్దండి. మిగతావి కుట్టెయ్యండి,” అన్నాను.

బైండింగు చేసే పెద్దమనిషి పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసిన మైదా బంకను పుల్లతో కలుపుతూ నా వంకా, నా వెనక నిలబడ్డ మా ఆవిడ వంకా చూశాడు.

“అదేంటండీ, ముగింపు లేని పుస్తకవేంటండీ? రేపెవరన్నా చదివితే నన్నండి తిట్టుకునేది.”

“కథ అక్కడితో అయిపోయింది.”

“మీకు అయిపోయింది,” అంది మా ఆవిడ. ఆ కాగితాలు తీసి, మడతపడకుండా సంచిలో పెట్టుకుంది.

నరసాపురంలో మా ఇంట్లో సీరియళ్ళు దాచడం ఆమె పని. వారపత్రిక పాతబడగానే పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలు తీసి వరసగా పేర్చేది. అయిపోయాక బైండు చేయించేది. నేను దినపత్రికలో పనిచేసేవాణ్ణి. పొద్దస్తమానం వార్తలు దిద్ది ఇంటికొచ్చాక అచ్చుకాగితం ముట్టుకోబుద్ధయ్యేది కాదు. ఈ ఒక్క సీరియల్ మాత్రం వదలకుండా చదివాను.

అది మా ఊరి కథ. డచ్చివాళ్ళ కాలంలో గోదావరి ఒడ్డున ఓడలు కట్టిన వడ్రంగుల కథ. కలపను బురదలో నానబెట్టడం, పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి తారు పొయ్యడం, కూలి లెక్క దగ్గర దుబాసీ చేసే మోసం, అన్నీ కళ్ళకు కట్టాయి. నేను రోజూ నడిచే రేవు కింద ఇంకో రేవు ఉందని ఆ రచయిత నాకు చూపించాడు. ఆఫీసులో అందరికీ చదవమని చెప్పాను.

తరవాత కథలో ఉప్పెన వచ్చింది. పెద్ద వడ్రంగి కొడుకు కొట్టుకుపోయాడు. ఆ సంచిక రావడానికి రెండేళ్ళ ముందు, దీపావళికి కాస్త ముందు వచ్చిన తుఫానులో మా ఆవిడ తమ్ముడు పోయాడు. అవతలి ఒడ్డున, సముద్రం దగ్గర రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నాడు. గాలి మొదలయిందని తెలిసీ, మోటర్లు చూసొస్తానని గోదావరి దాటించే పంటు మీద బండి ఎక్కించుకుని వెళ్ళాడు. తరవాత బండి దొరికింది. మనిషి దొరకలేదు.

ఆ పై వారం నుంచి సీరియల్లో మంత్రాలు మొదలయ్యాయి. ఎక్కణ్ణించో ఒక సిద్ధుడు దిగాడు. శంఖం ఊదితే సముద్రం వెనక్కి నడిచింది. పోయినవాళ్ళంతా ఒక్కొక్కరే నీళ్ళలోంచి లేచి ఇళ్ళకు వచ్చారు. వడ్రంగి కొడుకు తడిబట్టలతో గుమ్మంలో నిలబడి, “అన్నం ఉందా?” అని అడిగాడు.

తుఫాను తరవాత నేను ఆ తీరమంతా తిరిగాను, వార్తల కోసమూ, బావమరిది కోసమూ. నీళ్ళలోంచి వచ్చినవాళ్ళను చూశాను. మొలతాడును బట్టి, కాలరు మీది టైలరు గుర్తును బట్టి పోల్చుకోవలసిన మనుషులు వాళ్ళు. కొబ్బరిపీచు దగ్గర అబద్ధం రాయని రచయిత వీళ్ళ దగ్గరికొచ్చేసరికి రాశాడు.

ఆఫీసులో పక్క సీటాయన నవ్వాడు. “వారపత్రికండీ బాబూ! అంతమందిని చంపేసి ఊరుకుంటే పాఠకులు ఊరుకుంటారేంటండీ? లేపాల్సిందేనండి, ఆయ్!”

నిజంగానే పాఠకులు ఉత్తరాలు రాశారు, ఆనందంతో కన్నీళ్ళొచ్చాయని. అవి చదివాక ఇంకా రోత పుట్టింది.

అయితే గుమ్మం దగ్గరి ఆ మాట బాగుంది. దిద్దమని నాకే ఇచ్చినా అందులో ఒక్క అక్షరం మార్చను. అదే నాకు మింగుడుపడనిది. మా బావమరిది చెరువు దగ్గర్నించి వచ్చి, చెప్పులు విప్పకముందే “అక్కా, అన్నం ఉందా?” అని కేకేసేవాడు. మా ఆవిడ ఆ పేజీ మళ్ళీ మళ్ళీ చదవడం చూశాను.

బైండింగు కొట్టు నుంచి తిరిగొస్తూ అడిగాను. “అంతా దొంగ రాత అది. ఎందుకు దాచడం?”

“తెలుసండి. నాకేవన్నా పిచ్చా? శంఖం ఊదితే సముద్రం పోద్దనుకుంటున్నానా?”

“మరి?”

“వాడు ఇంటికొచ్చినట్టు రాసింది ఇదొక్కటే. మీ పేపర్లో గల్లంతు అని రాశారు.”

ఆ వార్త రాసింది నేనే.

పుస్తకం ఎర్ర అట్టతో ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఉప్పెన దగ్గర ఆగిపోతుంది. మిగతా ఐదు వారాలు కింది అరలో, ఆమె పట్టుచీరల అడుగున విడిగా ఉన్నాయి. పారెయ్యమని నేను అనలేదు. కుట్టించమని ఆమె అడగలేదు. ఆ రచయిత పేరు ఎక్కడ కనిపించినా నాకు నోరు చేదవుతుంది.

మనిషి దొరక్కపోయినా దర్భబొమ్మ చేసి కర్మ జరిపించవచ్చని పురోహితుడు చెప్పినా మా అత్తగారు బతికున్నంతకాలం ఒప్పుకోలేదు. ఆవిడా పోయారు. మా బావమరిదికి ఇంతవరకు ఎవరూ పిండం పెట్టలేదు.