మా బావ పడుకోబెట్టిన పైపులు

మా బావ పోయాడన్న కబురు నాకు ఆత్మకూరు బస్టాండులో తెలిసింది. ఉదయం ఎనిమిది దాటింది. షాపుకు కావలసిన దారపు రీళ్లు నెల్లూరు బస్సులో వేశామని కొట్టువాళ్లు చెబితే తీసుకుందామని నిలబడి ఉన్నాను. ఫోను మోగింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో బావ ఇంటి పక్కన టీకొట్టు నడిపే ఆమె. ఆమె ఎప్పుడు ఫోను చేసినా ముందు పెద్దగా నవ్వి ఆ తర్వాత మాట్లాడుతుంది. ఆ రోజు నవ్వలేదు.

“తమ్ముడూ, అన్న పోయినాడయ్యా. ఒడ్డు దాకా నడిచొచ్చి, టీ తాగి, కుర్చీలో ఆనుకున్నాడు. గ్లాసు తీసుకుందామని వచ్చినా. పిలిస్తే పలకలా.”

“టీ అంతా తాగినాడా?” అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. అలాంటప్పుడు నోటికి ఏది వస్తే అది వస్తుంది.

“తాగినాడు. అడుగున చుక్క కూడా మిగల్చలా,” అని అప్పుడు ఏడ్చింది.

బావ అంటే మా పెద్దక్క భర్త. వాళ్లకు పిల్లలు లేరు. మా అమ్మ తొందరగా పోవడంతో ఉదయగిరిలో వాళ్లింట్లోనే పెరిగాను. కాబట్టి ఆయన నాకు బావ, నాయన, తిట్టుకోవడానికి తోడు, అన్నీ. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడు వారాలు పట్టింది. బట్టలు కుట్టే చేయి నాది, రాసే చేయి కాదు.

ఆయన పని బోరింగులు బాగుచేయడం. మా మెట్ట ఊళ్లలో బోరింగు అంటే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు చెబుతున్నాను: వీధి మలుపులో ఇనుప పిడి పట్టుకుని కొడితే నీళ్లు వచ్చే చేతిపంపు. ఎండలు ముదిరితే ఎంత కొట్టినా గాలి తప్ప ఏమీ రాదు. అప్పుడు దుత్తలూరు నుంచో, కలిగిరి వైపు నుంచో బావకు కబురొచ్చేది. మోపెడ్ మీద పానాలు, తోలు వాషర్లు వేసుకుని బయలుదేరేవాడు. పంపు విప్పి, రాడ్లు పైకి లాగి, తాడుకు రాయి కట్టి లోపలికి వదిలి నీళ్లు ఎంత దిగిపోయాయో చూసేవాడు. చుట్టూ ఖాళీ బిందెలు, బిందెల వెనక ఆడవాళ్ల ముఖాలు. బావ ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు.

“నీళ్లు లేకపోయేది ఏంది? ఉండాయి. మనమే ఆడికి చేరలేదు. ఇంకో పైపు దించండి.”

పంపులో నీళ్లు పడేదాకా అన్నం ముట్టేవాడు కాదు. అక్క కట్టిచ్చిన క్యారియరు చాలాసార్లు విప్పకుండానే ఇంటికొచ్చేది. అక్క పెట్టే శాపనార్థాలు పంపుకు తగిలేవి, ఆయనకు తగిలేవి కావు.

నేను టెన్త్ తప్పి మూలన కూర్చుంటే, “ఇంకో పైపు దించరా,” అన్నాడు. దించాను, గట్టెక్కాను. ఆత్మకూరులో టైలరింగు షాపు పెట్టిన మొదటి ఏడాది గిరాకీ లేక ఈగలు తోలుకుంటుంటే, బస్సు దిగి వచ్చి, ఎదురుగా బల్ల మీద కూర్చుని, అదే మాట అన్నాడు. చిరాకేసింది గానీ, స్కూలు యూనిఫారాలు కూడా కుట్టడం మొదలుపెట్టాను. ఈ రోజు నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ మాట వల్లే.

అలాంటి మనిషిని ఒకసారి మా ప్రార్థన మందిరం వాళ్లు బస్సు మాట్లాడి సముద్రానికి తీసుకెళ్లారు. అందరం ప్యాంట్లు మడుచుకుని అలల్లోకి పరిగెత్తాం. బావ మాత్రం ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. పులిహోర పొట్లాలు విప్పి పిలిచినా రాలేదు. దగ్గరికెళ్లి చూస్తే కళ్లలో నీళ్లు.

“ఏంది బావా?”

“ఇన్ని నీళ్లురా! ఎవురూ ఒక్క దెబ్బ కొట్టే పన్లేదు. అయ్యే వస్తా ఉండాయి, అయ్యే పోతా ఉండాయి.”

“తాగేదానికి గుక్కెడు పనికిరావు. చూసి ఏం చేసుకునేది?” అంది అక్క వెనక నుంచి. బావ వినిపించుకోలేదు.

ఆ రోజు నాటుకున్నది అరవై ఏళ్లు నిండాక మొలిచింది. కావలి దాటి సముద్రం పక్కన ఒక చిన్న మిద్దె కొన్నానని, అక్కడికి మారిపోతున్నామని చెప్పాడు. ఎండాకాలం ఉండి వచ్చేస్తారేమో అనుకున్నాం. కాదట. పన్నెండు నెలలూ అక్కడేనట. పొద్దున పది దాకా మోటార్లు, పంపులు బాగుచేస్తాడట, పది తర్వాత పానా ముట్టుకోడట.

నాకు కోపం వచ్చింది. దాచడం దేనికి, బాగా వచ్చింది. “సముద్రం చూడాలంటే బస్సులు లేవా బావా? ఆడే కాపురం పెట్టాల్నా?” అన్నాను.

“చూసొచ్చేది వేరు, ఉండేది వేరురా.”

“తుఫాను వస్తే?”

“వస్తే వానొస్తాది. మన ఊళ్లో దానికోసమే గదా ఇన్నాళ్లు ప్రార్థన చేసినాం!”

వెళ్లే రోజు ట్రాలీ ఆటోలో సామానుతో పాటు పాత పంపు పైపులు కూడా ఎక్కించాడు. “ఈ ఇనుమంతా దేనికి, ఆడ బోరింగులు వేస్తావా?” అని అక్క తిట్టింది. “ఉంటే ఉంటాయి లేవే,” అన్నాడు.

అక్కడ అసలు కథ మూడో నెలలో జరిగింది. ఇంట్లో కొళాయి నీళ్లు రెండు రోజులకొకసారి వచ్చేవి. పక్కనే టీకొట్టు ఆమెకు సిమెంటు ఒరలు దించిన చిన్న బావి ఉంది. పది అడుగులు కూడా ఉండదు. అందులో నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయి. ఆమె టీకి పేరు ఆ నీళ్ల వల్లే వచ్చింది. బావ ఆ బావిలోకి తొంగి చూసి నవ్వాడట, “ఇది బావినా, గిన్నెనా?” అని. వెంటనే బోరు వేయించడానికి బండి మాట్లాడాడు.

ఆమె నేరుగా చెప్పింది. “అన్నా, ఈడ లోతుకు పోబాకండి. తియ్య నీళ్లు పైనే ఉండాయి. కింద ఉండేదంతా ఉప్పే.”

బావ వింటాడా? ముప్పై ఏళ్లకు పైగా లోతుకు పోయిన మనిషి. బోరు దిగింది, నీళ్లు ఎగిరొచ్చాయి, నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం. అయినా ఆగలేదు. మా ఊళ్లలో కొత్త బోరుకు మొదట బురద వస్తుంది, రెండు మూడు రోజులు వదలకుండా తోడితే తేటపడుతుంది. ఉప్పు కూడా అలాగే పోతుందనుకున్నాడు. మూడు రోజులు మోటారు ఆపకుండా ఆ ఉప్పునీళ్లు పెరట్లోకి వదిలాడు. ఇసుక నేల అంతా పీల్చుకుంది. పీల్చుకున్నది ఎక్కడికి పోతుంది? పక్కనున్న పల్లానికే.

నాలుగో రోజు టీకొట్టు ఆమె పాలల్లో తన బావి నీళ్లు పోసింది. పాలు విరిగిపోయాయి. బావిలో నీళ్లు తాగి చూసి ఉమ్మేసింది. ఆమెకు మొగుడు లేడు, ఆ కొట్టే ఆధారం. కొట్టు తలుపు వేసి, అరుగు మీద కూర్చుంది. బావను ఒక్క మాట అనలేదట. “తిట్టుంటే బాగుండేదిరా. ఊరికే బావి వైపు చూస్తా కూర్చునింది,” అని బావ ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నాడో!

ఆ రోజే మోటారు విప్పేశాడు. బోరులో కంకర పోసి, బంకమట్టి దట్టించి, పైన సిమెంటు వేశాడు. మర్నాడు తెల్లారగానే మోపెడ్‌కు రెండు క్యాన్లు కట్టుకుని ఊరి అవతల సరుగుడు తోపులో ఉన్న చెలమకు వెళ్లాడు. ఇసుకలో తవ్విన గుంట అది. మెల్లగా ఊరుతుంది, చెంబుతో ముంచుకోవాలి. ముందు ఆమె డ్రమ్ము నింపాడు, తర్వాత మా అక్క బిందె. రోజుకు నాలుగు తిరుగుళ్లు. మూడో రోజు ఆమె కొట్టు తెరిచింది.

సంగతి తెలిసి, మే నెల ఎండలో ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లాను. “ఎక్కండి, మన ఊరికి పోదాం,” అన్నాను. నిజం చెప్పాలంటే లోపల కాస్త సంతోషంగా కూడా ఉంది, నేను చెప్పిందే నిజమైందని. అక్క అప్పటికే మూట కట్టుకుని ఉంది. “నాదేం లేదు, మీ బావనడుగు,” అంది.

బావ నల్లగా మాడిపోయి ఉన్నాడు. చొక్కా భుజం మీద క్యాను తాడు ఒరిపిడికి చిరుగు. దర్జీ కన్ను కదా, ముందు అదే కనబడింది.

“నేను పోతే ఆమె టీకి నీళ్లెవురు తెస్తారు?” అన్నాడు.

“మనిషిని పెడదాం బావా.”

“మనిషిని పెట్టేదేందిరా! ఊరూరా చెడిన పంపు బాగుచేసిందాకా అన్నం తినలేదు నేను. ఈడ బాగుండేదాన్ని నేనే చెడగొట్టినా. ఆమె చెప్పింది గూడా. వినలా. ఆ బావి మళ్లా తియ్యబడాల. అందాకా కదిలేది లేదు. తియ్యబడినాక రమ్మంటే వస్తా.”

“తియ్యబడకపోతే?”

బావ నా చేతికి చెంబు ఇచ్చాడు. ఆ సాయంత్రం ఇద్దరం చెలమ దగ్గర కూర్చున్నాం. తొందరగా ముంచితే బురద, ఇంకా ముంచితే ఉప్పదనం. ఆగితే తేటగా ఊరుతోంది. “కొంచెం తోడాల, కాసేపు కూర్చోవాల. ఇన్నేళ్లూ కూర్చునేది నేర్చుకోలేదురా నేను,” అన్నాడు. అది విన్నాక ట్రాలీ ఆటోను ఖాళీగా తిప్పి పంపాను.

వానలకు ముందు ఉదయగిరి నుంచి తెచ్చిన పైపులు బయటికి తీశాడు. తుప్పు గీకి, జాయింట్లు కలిపి, తన మిద్దె మీది వాననీళ్లన్నీ పక్క బావిలో పడేటట్టు అమర్చాడు. ఆ పనిలో నేనూ చేయి వేశాను. “ఇన్నాళ్లూ నిలబెట్టి దించినాం, ఇప్పుడు పడుకోబెట్టినాం. వీటికి గూడా రిటైరుమెంటు,” అని తనే నవ్వాడు. మొదటి వాన నీళ్లు మిద్దె మురికి కడిగినవని బయటికి వదిలేశాడు. రెండో వాన నుంచి ప్రతి చుక్కా బావిలోకి.

ప్రతి ఆదివారం మందిరం నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా బావి దగ్గర నిలబడేవాడు. ఆమె ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసేది. “ఇంకా ఉండాదన్నా.” మరుసటి ఆదివారం మళ్లీ. “తగ్గింది గానీ ఉండాది.” అక్క ఫోనులో నాకు ఈ వార్తలు క్రికెట్ స్కోరులా చెప్పేది. డిసెంబరులో ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. ఆమె నీళ్లు నోట్లో పోసుకుంది. ఉమ్మలేదు. మింగింది. లోపలికి పోయి పొయ్యి మీద పాలు పెట్టి, ఆ నీళ్లే కలిపింది. మేం ముగ్గురం గిన్నె చుట్టూ నిలబడ్డాం. పాలు పొంగాయి. విరగలేదు.

బావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. టీ అడుగు చుక్క దాకా తాగాడు. ఆ రోజు నుంచి ఆమె ఇచ్చిన ఏ గ్లాసులోనూ చుక్క వదల్లేదు.

“తియ్యబడింది గదా, పోదామా?” అని నేను ఆటపట్టిస్తే, జవాబు అక్క చెప్పింది. “యాడికిరా పోయేది? ఆ మూట నేనెప్పుడో విప్పేసినా.” ఎనిమిది నెలల్లో అక్కకూ టీకొట్టు ఆమెకూ వదినా వదినా అని పిలుచుకునే చనువు వచ్చేసింది, నాకు తెలియకుండానే.

తర్వాత ఆరేళ్లు బాగా బతికాడు. పొద్దున పది దాకా పని. పది దాటాక ఎవరైనా మోటారు మోసుకొస్తే, “ఆడ పెట్టి పో, రేపు చూస్తా,” అని ఒడ్డుకు పోయేవాడు. తుఫాను హెచ్చరిక వస్తే ఊరంతా కిటికీలు మూసుకుంటే ఈయన మిద్దె ఎక్కి పైపు మూతిలో ఆకులు తీసేవాడు. ఎవరైనా కొత్తగా ఇల్లు కట్టి బోరు మాట ఎత్తితే, పిలవకపోయినా పోయి, తన తప్పంతా మొదటి నుంచి చెప్పి వచ్చేవాడు. అంత సిగ్గులేకుండా తన తప్పు చెప్పుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. నాతో అన్నది మాత్రం షాపు గురించి. “రోజంతా మిషను తొక్కబాక. కాసేపు కూర్చో. ఊరతాది.” ఇప్పుడు మధ్యాహ్నాలు ఒక గంట షట్టరు దించుతున్నాను.

ఆయన కోరినట్టే అక్కడి సమాధుల తోటలోనే మట్టి చేశాం. పదో రోజు ఇంటి ముందు షామియానా వేసి, పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టాం. మనసులో నాకు పాత ఆలోచనే ఉంది. కూడిక అయ్యాక అక్కను ఆత్మకూరు తీసుకుపోవాలి. ఆటో కూడా మాట్లాడాను.

పాట మధ్యలో వాన మొదలైంది. షామియానా మీద దడదడ. అందరూ కుర్చీలు లోపలికి జరుపుకుంటుంటే అక్క మాత్రం తల ఎత్తి వింటోంది. నా మోచేయి పట్టుకుంది.

“జాయింటు యాడనో కారతా ఉండాదిరా. నీళ్లు బావిలో సరిగ్గా పడతా లేవు. పోయి చూడు.”

“కూడిక కానీ అక్కా. ఆటో గూడా వచ్చి ఉండాది.”

“ఆటోను పంపించు. వానాకాలమంతా ఈ పైపు చూసుకునేదెవురు? నేను రాను.”

గోడకు తగిలించిన బావ పానా తీసుకున్నాను. పిడి ఆయన అరచేయి పట్టి పట్టి నునుపెక్కి ఉంది. తడుస్తూ నిచ్చెన ఎక్కి రెండో జాయింటు బిగించాను. రెండు చుట్లు తిప్పాక కారడం ఆగింది. కింద టీకొట్టు ఆమె తల మీద ప్లాస్టిక్ సంచి వేసుకుని, బావి మూత తీసి పట్టుకుని నిలబడి ఉంది. పైపు ఒక్కసారి గుటకేసి, నీళ్లు వదిలింది. లోపల పాట ఆగిపోయింది. బావిలో నీళ్లు పడుతున్న చప్పుడు అందరం విన్నాం.