మేకుకు తగిలించిన నల్ల తీగ

మా తోడికోడలు ఆసుపత్రిలో పోయిందని కబురు వచ్చేసరికి నేను పెరట్లో మిరపకాయలకు ముచ్చికలు తుంచుతున్నాను. కబురు తెచ్చిన మనిషి "పెద్దమ్మ పోయిందమ్మా" అని గంప పక్కనే కూలబడ్డాడు. నేను లేవలేదు. చేతిలో కాయకు ముచ్చిక తుంచి గంపలో వేసి ఇంకో కాయ తీసుకున్నాను. కళ్లలో నీళ్లు కారాయి గాని, అది ఘాటు. ఏడుపు ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. ఆవిడలో మంచికి కొదవ లేదు, నా బాధంతా అదే. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి మొన్నటిదాకా ఆవిడను చూసి నేను కుళ్లుకోని రోజు లేదు. ఆవిడ పెట్టిన గోంగూర పచ్చడికి కుళ్లుకున్నాను, ఆవిడ గేదె ముందు ఈనినందుకు కుళ్లుకున్నాను. అయితే ఈ రోజు చెప్పాల్సింది తీగ సంగతి.

ఆవిడ పుట్టిల్లు ఒంగోలు పక్క పల్లె. వాళ్ల నాన్న పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టేవాడు. బొమ్మలతో ఆడుకునే వయసులో ఆవిడ తీగలతో ఆడుకుందట. అందుకని మా ఇళ్లల్లో టేపురికార్డరు మొరాయించినా, రేడియో గరగరలాడినా మగవాళ్లు సత్తెనపల్లి పోయేవాళ్లు కాదు, ఆవిడ గుమ్మం ముందు నిలబడేవాళ్లు. మా ఆయన నోట "వదినను అడుగుదాం" అన్న మాట విని విని నాకు చెవులు కాయలు కాచాయి.

అన్నదమ్ములిద్దరూ ఒకే వేలంలో రెండు పాత జీపులు పాడుకున్నారు. బావగారిది పొట్టి బండి, మాది పొడుగు బండి. మిరప కోతలప్పుడు కూలీలను ఊరూరా ఎక్కించుకుని చేలకు చేర్చడం పని. మా వైపు కోతకు వచ్చే ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. చేను ఎవరిదని తర్వాత అడుగుతారు, ముందు జీపులో పాటలు ఎట్లా ఉన్నాయని అడుగుతారు. పొద్దస్తమానం నడుము వంచి ఆ ఘాటులో కాయ కోసే మనుషులకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు వినే ఆ పాటే సుఖం. పాట బాగా లేని జీపు ఎంత ఖాళీగా ఉన్నా ఎక్కరు. మోకాళ్లు ఆనుకుని కూర్చునైనా సరే, పాటున్న జీపులోనే పోతారు.

ఆ పోటీలో మా ఆయన ఒక యాంప్లిఫయరు కొనుక్కొచ్చి సీటు కింద బిగించాడు. ఇక మా పాట పొలిమేర దాటుతుందనుకున్నాం. తీరా చూస్తే ముందుకంటే నీరసంగా, మంచం పట్టిన మనిషి మూలిగినట్టు వచ్చింది. మా ఆయన తల గోక్కుని నేను అనుకున్న మాటే అన్నాడు.

"వదినను అడుగుదాం."

ఆవిడ వచ్చింది. జీపు వెనక్కి ఎక్కి, చాప ఎత్తి, స్పీకర్లకు పోయే పాత తీగను బయటికి లాగింది. పంటితో తొడుగు ఒలిచి చూసి పగలబడి నవ్వింది.

"ఏం మరిదీ, ఒంగోలు గిత్తను కొని మేకను కట్టే తాడుతో కట్టావా?"

మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

"ఇది చిన్న రేడియోకి వేసిన తీగయ్యా. నీ కొత్త పెట్టె బలం దీన్లో పడదు. పాట కూడా నడిచిపోవాలిగా, డొంక ఇరుకైతే బండి ఎట్లా పోద్ది? దూరం పెరిగేకొద్దీ తీగ లావవ్వాలి. పైగా జీపు గతుకుల్లో ఎగురుద్ది. ఇంట్లో లైట్లకు వేసే ఒంటి తీగ వేశావనుకో, నెల తిరక్కుండా విరుగుద్ది. సన్న పోగులు బోలెడు కలిసిన రాగి తీగ కావాలి. పత్తి దారం తెలుసుగా? పోగులు ఎక్కువైతే వంగుద్ది, తెగదు."

నేను స్తంభానికి ఆనుకుని వింటున్నాను. ఇంత చిన్న సంగతి చెప్పడానికి అంత నవ్వు ఎందుకని ఒళ్లు మండిపోయింది.

మరుసటి రోజు గుంటూరు బస్సెక్కి తానే రెండు తీగ చుట్టలు తెచ్చింది. నన్ను పిలిచి అరుగు మీద పెట్టింది.

"నల్లది మీది, ఎర్రది మాది. కూర్చోవే చిన్నదానా, టీ పెట్టుకొస్తా" అని లోపలికి పోయింది.

నేను రెండింటినీ చూశాను. ఎర్రది చిటికెన వేలంత లావు, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. నల్లది ఎలుక తోకలా ఉంది. దూరం పెరిగితే తీగ లావవ్వాలని నిన్న చెప్పిన నోరేగా ఇది? పొడుగు బండికి సన్నది, పొట్టి బండికి లావుదా? ఎర్ర చుట్టను కొంగు కింద పెట్టుకుని, నల్లదాన్ని అరుగు మీదే వదిలేసి, టీ తాగకుండా వచ్చేశాను. ఆ రెండో గ్లాసు టీ ఏం చేసిందో ఇప్పటికీ తెలియదు.

ఆవిడ ఒక్క మాట అడగలేదు. మిగిలిన నల్ల తీగను తన జీపుకు వేయించుకుంది. ఇక చూడండి, ఆ జీపు కాలవ కట్ట మీద వస్తుంటే డోలు దెబ్బ దెబ్బా లెక్కపెట్టొచ్చు. మా జీపు పది రోజులు బాగానే పాడింది. తర్వాత గతుకు వస్తే పాట ఆగేది, ఇంకో గతుకు వస్తే అందుకునేది. కూలీలు నవ్వేవాళ్లు. "ఈ జీపుకు ఎక్కిళ్లు వస్తన్నయ్, మంచినీళ్లు పట్టండి" అని దిగిపోయి ఆవిడ జీపు ఎక్కేవాళ్లు.

మా ఆయన విసిగిపోయి ఎర్ర తీగను పీకి బ్లేడుతో చీల్చాడు. లావంతా తొడుగే. లోపల నాలుగు పోగులు, అవీ విరిగి ఉన్నాయి. వాటిని గీకితే పైన రాగి పూత, కింద తెల్లటి అల్యూమినియం.

"వదిన ఇట్లాంటిది ఇచ్చిందా మనకి?" అన్నాడు.

నేను ఒక్క మాట నిజం చెబితే అక్కడితో అయిపోయేది. "ఇచ్చింది. మంచిది వాళ్లు ఉంచుకుని మన మొహాన ఇది కొట్టింది" అన్నాను.

ఆ మాట నేను బావి దగ్గర చెప్పాను, పిండిమర దగ్గర చెప్పాను. మా ఆయన అన్న ముఖం చూడటం మానేశాడు. పక్కపక్క ఇళ్లు, మధ్యలో నడుమెత్తు గోడ. అయినా అన్నదమ్ములు పదేళ్లు పలకరించుకోలేదు. బావగారు మొదట్లో రెండుసార్లు "ఒరేయ్, ఏం జరిగిందో చెప్పరా" అని గోడ దగ్గరికి వచ్చాడు. మా ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మగవాళ్లు లేనప్పుడు ఆవిడ వచ్చింది. చేతిలో నల్ల తీగ చుట్ట, తన జీపు నుంచి ఊడదీసుకొచ్చింది. కోపం లేదు, నవ్వు కూడా లేదు.

"చిన్నదానా, కొట్లో అసలు రాగిది ఒక్క చుట్టే ఉందే. మీది పొడుగు బండి కదా అని అది మీకనుకున్నాను. మాకు రెండు బారల దూరం, ఏదైనా సరిపోద్ది. తొడుగు చూసి తీగను, చీర చూసి మనిషిని కొలవకూడదే. ఇదిగో, నేను వేసి పోతాను. మారిందని మరిదికి నువ్వూ చెప్పొద్దు, నేనూ చెప్పను."

చూడండి, నా తప్పు తెలిసి కూడా దాన్ని తన కొంగులో మూట కట్టుకోవడానికి వచ్చింది. అది నేను భరించలేకపోయాను. తిట్టినా పడేదాన్ని.

"నీ జీపులో ఊడదీసిన ఎంగిలి తీగ నాకెందుకు? తీసుకుపో" అన్నాను.

ఆవిడ చుట్టూ చూసింది. కొట్టం గోడకు గొడ్ల పలుపులు తగిలించే మేకు ఉంది. చుట్టను దానికి తగిలించి వెళ్లిపోయింది. నేను దాన్ని ముట్టుకోలేదు. మా ఆయన అడిగితే బట్టలారేసుకునే తీగన్నాను. ఏడాదికోసారి గోడకు సున్నం వేసేటప్పుడు కూడా దాన్ని తీయనివ్వలేదు, చుట్టూ వేయించాను. మా ఆయన సత్తెనపల్లి నుంచి వేరే తీగ తెచ్చి రెండు పక్కలా వేశాడు గాని, కొన్నాళ్లకు మేం జీపు అమ్మేశాం. చుట్ట అట్లాగే ఉంది.

పెద్దకర్మ రోజున కోతల కూలీలు వచ్చారు. పది ఊళ్ల ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. వాకిలి చాలక వీధిలో కూర్చున్నారు. చావులో కూడా ఆవిడకే జనం. నేను పోతే ఎంతమంది వస్తారని మనసులో లెక్క వేసుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. నా పక్కన ఇద్దరు కూలి ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూనే నవ్వుకుంటున్నారు.

"పెద్దమ్మ జీపులో ఎడమ పక్కకి ఎంత కొట్టుకునేవాళ్లమే!"

"ఎందుకు కొట్టుకోం? ఆ పక్కేగా పాట వచ్చేది. కుడి పక్క మూగదాయె."

"మూగదేంటమ్మా?" అన్నాను.

"నీకు తెలవదా పిన్నీ? ఆ స్పీకరుకు తీగే లేదు. ఇంకోటి వేయించు పెద్దమ్మా అంటే, 'ఒక పక్క పాట వినండే, ఇంకో పక్క కబుర్లు చెప్పుకోండే' అనేది. అట్లాగే అలవాటైపోయింది. కూతుళ్ల సంబంధాలన్నీ కుడి పక్కే మాట్లాడుకున్నాం."

బావగారు విన్నాడు. "మంచి తీగ ఉండేదమ్మా. ఎలుకలు కొరికేశాయంది. అంత తీగ ఎలుకలు ఎట్లా తింటాయే అంటే నవ్వేది. మిగిలిన పాత ముక్క ఒక పక్కకే సరిపోయింది" అన్నాడు.

మొగుడికి కూడా చెప్పలేదు. పదేళ్లు నా అబద్ధాన్ని వీధిలో వింటూ, సగం పాటతో జీపు తిప్పింది. నేనేమో దూరం నుంచి ఆ సగం పాటే విని కుళ్లుకున్నాను. ఇంకా చెప్పాలంటే, అది విన్నాక కూడా కుళ్లుకున్నాను. రెండు పక్కలా పాడినా మా జీపు ఎక్కనివాళ్లు, ఒక పక్క మూగబోయినా ఆవిడ జీపే ఎక్కారు.

అందుకే ఈ రోజు మనవరాల్ని కూర్చోబెట్టాను. ఆవిడ ఇచ్చింది మంచి తీగ. మార్చింది నేను. అబద్ధం చెప్పింది నేను. అక్కా, నువ్వు గెలిచావు. నీ మీద నాకింకా కోపంగానే ఉంది, చెప్పకుండా పోయినందుకు.

నేను ఇదంతా చెబుతుంటే మా ఆయన అరుగు మీదే ఉన్నాడు. ఆయన వినాలనే గట్టిగా చెప్పాను. లేచి కొట్టంలోకి పోయాడు. నల్ల చుట్టను మేకు నుంచి తీసి, కొసను పంటితో ఒలిచి వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత నడుమెత్తు గోడ దగ్గరికి పోయి, "అన్నయ్యా" అని పిలిచాడు. అటు నుంచి మంచం కిర్రుమంది, చెప్పుల చప్పుడు గోడ వైపు వచ్చింది.

నేను అటు పోలేదు. కొట్టంలోనే నిలబడి గోడ చూశాను. గోడంతా ఏటేటా వేసిన సున్నంతో తెల్లగా ఉంది. మేకు కింద మాత్రం జీపు చక్రమంత గుండ్రంగా, పదేళ్లనాటి నీలి సున్నం అట్లాగే ఉంది.